పొయ్యిలోని ఉక్కు - క్రోమియపు పొర ఎప్పుడు కాపాడును, ఎప్పుడు కాపాడదు

“స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదు గదా! మరి మన రంగుల పొయ్యిలో వేసిన స్టీలు కడ్డీలు నాలుగు నెలలకే పొలుసులు పొలుసులుగా ఎట్లు రాలిపోయినవి?” అని మా సంఘపు సర్వసభ్య సమావేశములో ఒక వృద్ధ సభ్యుడు ప్రశ్నించెను. ఆనాడు మావద్ద సరియైన జవాబు లేకపోయెను. తరువాత తెలిసినవారిని అడిగి, చదివి, మా పొయ్యినే పరీక్షించి తెలిసికొన్న సంగతులను ఇతర సంఘములవారికిని ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నాము. ఇది కేవలము శాస్త్ర విషయము కాదు. సంఘపు డబ్బు, పట్టు, పొయ్యి ఊడ్చువారి ఆరోగ్యము, మూడును ఇందులో ఇమిడి యున్నవి.

మాకు జరిగిన నష్టము

మాది బరంపురములోని చిన్న పట్టు నేత సంఘము. పట్టు ఉడికించి జిగురు తీయుటకును, రంగు అద్దుటకును రెండు కాగులు గలవు. వాని క్రింద సరుగుడు కట్టె మండించు పొయ్యి యున్నది. పొయ్యిలో కట్టె నిలుచుటకు పోత ఇనుప కడ్డీలు వరుసగా వేసి యుండెడివి. అవి వంగిపోగా 2022 దసరాకు ముందు వానిని తీసివేసి, ఒక వర్తకుని మాట నమ్మి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు కొంటిమి. “ఇది జన్మకు చెడదండీ, మీ మనుమల కాలానికి కూడా ఉంటుంది” అని అతడు చెప్పెను. అయస్కాంతము పెట్టి చూపెను. అంటుకొనలేదు. మంచి సరకే యనుకొని పోత ఇనుమునకగు ధరకు నాలుగు రెట్లు చెల్లించితిమి.

సంక్రాంతి నాటికి కడ్డీలు నల్లబడి, అప్పడపు ముక్కలవలె పొరలు విడిచి, నడుమ వంగిపోయినవి. మాఘమాసపు పెండ్లిండ్లకు చీరెల పని ముమ్మరముగా నున్న ఒక ఉదయము, కాగులో పట్టు లడీలు ఉండగానే రెండు కడ్డీలు విరిగి నిప్పంతయు బూడిదగుంటలో పడెను. వేడి ఒక్కసారిగా తగ్గెను. ఎరుపు ఎక్కవలసిన పట్టు మచ్చలు మచ్చలుగా తేలెను. పండ్రెండు చీరెల పడుగు తిరిగి అద్దవలసి వచ్చెను. ఆ పడుగుకై ఎదురు చూచుచున్న కుటుంబములకు పది దినముల మజూరీ ఆలస్యమాయెను. ఇదియంతయు మేము సంతకము చేసి కొన్న కడ్డీల ఫలితమే.

క్రోమియము అను రంగుల లోహము

స్టెయిన్‌లెస్ స్టీలు అనగా క్రోమియము కలిపిన ఉక్కు. ఈ లోహమును 1797లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు వోక్లాఁ, సైబీరియానుండి వచ్చిన ఒక ఎర్రని ఖనిజములో కనుగొనెను. దీని సమ్మేళనములు పసుపు, ఆకుపచ్చ, ఎరుపు మున్నగు వన్నెలలో నుండుటవలన, గ్రీకు భాషలో రంగు అను అర్థమిచ్చు మాటనుండి దీనికి పేరు పెట్టిరి. కనుక రంగులవారికి ఇది కొత్త చుట్టము కాదు. ఒకప్పుడు సల్ఫర్ రంగులు అద్దిన నూలును బైక్రోమేటు కలిపిన నీటిలో ముంచి రంగు తేల్చెడివారు. ఆ బైక్రోమేటు క్రోమియపు సమ్మేళనమే. మన దేశములో లభించు క్రోమియపు ముడి ఖనిజములో అత్యధిక భాగము మా ఒడిశా రాష్ట్రములోనే, జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో ఉన్నది.

ఇనుములో క్రోమియము కలిపినచో ఆమ్లములకు తట్టుకొనునని 1821లోనే బెర్తియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గమనించెను. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున హారీ బ్రియర్లీ అనువాడు తుపాకి గొట్టములు లోపల అరిగిపోకుండుటకు తగిన ఉక్కును వెదకుచు, సుమారు 13 పాళ్లు క్రోమియము గల ఉక్కు పోసెను. అది తుప్పు పట్టని ఉక్కుగా ప్రసిద్ధి కెక్కెను. నేడు నూటికి కనీసము 10.5 పాళ్లు క్రోమియము గల ఉక్కును స్టెయిన్‌లెస్ అని పిలుచుచున్నారు.

పొర కథ

స్టీలుకు తుప్పు పట్టదనుట సగము నిజము మాత్రమే. దానికిని తుప్పు పట్టును. కాని ఆ తుప్పే దానికి కవచమగును. ఇందలి కీలకమిదియే.

మామూలు ఇనుమును ఎర్రగా కాల్చినచో గాలిలోని ప్రాణవాయువు దానితో కలిసి పొలుసు ఏర్పడును. సుమారు 570 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన తరువాత ఈ పొలుసు లోపలి భాగములో ఒక విధమైన ఇనుప ఆక్సైడు పుట్టును. అది పలుచని నేత వంటిది. దానిగుండా ఇనుము బయటికి సులభముగా ప్రాకివచ్చి గాలిని కలిసికొనుచుండును. కనుకనే పొలుసు త్వరత్వరగా మందమెక్కి, పగిలి, రాలిపోవును. కమ్మరి కొలిమివద్ద సమ్మెట దెబ్బకు రాలు నల్లని పెచ్చులు ఇవియే.

ఉక్కులో తగినంత క్రోమియమున్నచో, ఇనుముకంటె ముందుగా క్రోమియమే ప్రాణవాయువును పట్టుకొనును. అప్పుడేర్పడు క్రోమియపు ఆక్సైడు పొర మిక్కిలి చిక్కని నేత. పంపు గుడ్డకును, దోమతెరకును ఎంత భేదమో ఈ రెండు పొరలకు అంత భేదము. పొర మందమగుకొలది దానిని దాటిపోవుట మరింత కష్టమగును. ఒక గంటలో ఎంత మందము ఏర్పడినదో, దానికి రెట్టింపు కావలెనన్న మొత్తము నాలుగు గంటలు పట్టును. మూడు రెట్లు కావలెనన్న తొమ్మిది గంటలు. ఈ విధముగా పెరుగుదల నానాటికి మందగించుటచే కడ్డీ ఏండ్ల తరబడి నిలువగలదు.

అయితే ఈ పొర ఎచ్చటనైన పగిలినచో, దానిని పూడ్చుటకు లోపలనున్న క్రోమియము పైకి రావలెను. ఇది సంఘపు నిలువ నిధి వంటిది. అప్పుడప్పుడు చిన్న నష్టము వచ్చినచో నిధినుండి తీసి సర్దవచ్చును. నష్టము ప్రతిదినము వచ్చుచున్నచో నిధి ఖాళీయగును. పైభాగమున క్రోమియము తరిగిపోయిన తరువాత స్టెయిన్‌లెస్ స్టీలుకును మామూలు ఇనుముకును పెద్ద తేడా యుండదు. అటుపై ఇనుప పొలుసు పుట్టి, దినదినము ప్రబలి, కడ్డీని తినివేయును. మా కడ్డీలకు ఇదియే జరిగెను.

ఎండు గాలి వేరు, పొగ వేరు

స్టీలు రకములను అమ్మువారి పట్టికలలో ఏ రకము ఎంత వేడికి తట్టుకొనునో అంకెలుండును. ఉదాహరణకు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు గల 304 రకము ఎడతెగని వేడిలో 925 డిగ్రీల వరకు, వెలిగించి ఆర్పుచుండు వేడిలో 870 వరకు అని వ్రాసి యుండును. 25 పాళ్లు క్రోమియము, 20 పాళ్లు నికెలు గల 310 రకమునకు ఈ అంకెలు 1150, 1035. కాని ఇవి గాలిలో లెక్కించిన అంకెలు. కట్టె మండునపుడు వచ్చు పొగ గాలి కాదు. అందులో కవచమునకు శత్రువులు నలుగురు గలరు.

మొదటిది నీటి ఆవిరి. నూటికి 20 పాళ్లు తడి గల ఒక కిలో కట్టె పూర్తిగా కాలినచో సుమారు 600 గ్రాముల నీరు ఆవిరియై పొగలో చేరును. కట్టెలోని తడి కొంత. కట్టెలోని ఉదజని మండి నీరగునది మిగిలినది. వేడి 600 డిగ్రీలు దాటిన తరువాత ఈ ఆవిరియు, ప్రాణవాయువును కలిసి క్రోమియపు పొరను ఒక వాయువుగా మార్చి ఎగురగొట్టుచుండును. ఇది కొద్దికొద్దిగానే జరిగినను ఎడతెగక జరుగును. నిధినుండి ప్రతిదినము కొంత సొమ్ము పోవుట వంటిది.

రెండవది కట్టె బూడిదలోని క్షారము. మన పెద్దలు బట్టలు ఉతుకుటకు బూడిద నీరు వాడుటకు కారణము అందులోని పొటాషియపు లవణములే. ఈ లవణములు వేడి స్టీలుపై పడినపుడు క్రోమియపు పొరతో కలిసి పొటాషియం క్రోమేటు అను పసుపుపచ్చని పదార్థమగును. పొర నశించును. ఉప్పు గాలి తగులు చోట పెరిగిన కట్టెలోను, సముద్రములో తేలివచ్చిన కొయ్యలోను ఉప్పు పాలు ఎక్కువగా నుండును. ఉప్పులోని క్లోరిను పొర క్రిందికి చొచ్చి దానిని లేపివేయును.

మూడవది గంధకము. కొన్ని బొగ్గులలోను, పాత ఇంజను నూనెలోను గంధకముండును. గాలి చాలక పొగ కమ్మిన మంటలో ఇది మరింత ప్రమాదకరము. నికెలు గంధకముతో కలిసినచో 645 డిగ్రీల దగ్గరనే కరగు మిశ్రమమగును. కనుక నికెలు ఎక్కువగా నున్న ఖరీదైన రకమే అట్టి పొగలో ముందుగా చెడును. ఎక్కువ ధర పెట్టినచో ఎక్కువ కాలము వచ్చుననుకొనుట అన్ని వేళల సరికాదు.

నాలుగవది వేడి చల్లనల మార్పు. 304 రకపు మీటరు కడ్డీని 800 డిగ్రీలు వేడిచేసినచో ఇంచుమించు 15 మిల్లీమీటర్లు సాగును. దానిపైనున్న పొర అందులో సగముకూడ సాగదు. రాత్రి పొయ్యి చల్లారినపుడు కడ్డీ బాగుగా ముడుచుకొనును, పొర అంతగా ముడుచుకొనదు. ముడుచుకొను పేక, ముడుచుకొనని పడుగు కలిపి నేసి తడిపినచో గుడ్డ ఎట్లు ముడతలు పడునో మనకు తెలియనిది కాదు. గుడ్డ ముడతపడును, గట్టి పొర పగిలి రాలును. ఫ్యాక్టరీ బాయిలరు నెలల తరబడి ఆరక మండును. మన పొయ్యి ప్రతి ఉదయము వెలిగి సాయంకాలము ఆరును. పట్టికలో రెండవ అంకె తగ్గియుండుటకు కారణమిదియే. నికెలు లేని 430 రకము తక్కువగా సాగును గనుక దాని అంకెలు తలక్రిందుగా నుండును. ఎడతెగని వేడిలో 815, ఆర్పి వెలిగించు వేడిలో 870.

అయస్కాంతపు మోసము

మేము కొన్నది 304 రకము కాదని తరువాత తెలిసెను. అది నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన చవుక రకము. వంటపాత్రలకును, మెట్ల కటకటాలకును దానిని వాడుదురు. 304 వలెనే దానికిని అయస్కాంతము అంటుకొనదు. పొయ్యి వేడికి మాత్రము 304 అంత తట్టుకొనదు. అయస్కాంతము అంటుకొను 430 రకమును నకిలీయని త్రోసివేయుటయు పొరపాటే, అదియు నిజమైన స్టెయిన్‌లెస్సే. కనుక అయస్కాంతమును నమ్మరాదు. రకము అంకెను, పోతసంఖ్యను తెలుపు పరీక్షా పత్రమును అడిగి తీసికొనవలెను. నగరములలో పాత లోహపు వర్తకులవద్ద కూడ నేడు చేతితో పట్టుకొని లోహమును పరీక్షించు యంత్రములు గలవు. బేరమునకు ముందే ఒక ముక్క తీసికొనిపోయి చూపించుట మేలు.

వర్తకునిదే తప్పని చెప్పి చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. మా తప్పు కూడ గలదు. పొయ్యి కడ్డీలను చల్లబరచునది క్రిందినుండి లోనికి పోవు గాలి. మాఘమాసపు తొందరలో మూడు నాలుగు దినములకొకసారి గాని బూడిదగుంట ఎత్తలేదు. బూడిద కడ్డీల వరకు పేరుకొనగా గాలి అడుగంటి, కడ్డీలు పైన నిప్పు, క్రింద వేడి బూడిద నడుమ చిక్కుకొనెను. అట్టి స్థితిలో మంచి 304 రకమైనను ఎక్కువ కాలము నిలిచెడిది కాదు. పైగా కడ్డీలు కదలకుండ రెండు కొసలను సిమెంటుతో బిగించితిమి. సాగుటకు చోటు లేక అవి నడుమ వంగినవి.

పసుపు అనుకొన్నది పసుపు కాదు

విరిగిన కడ్డీలను వెలికి తీసినపుడు వాని అడుగున అక్కడక్కడ పసుపుపచ్చని పూత కనబడెను. మేము దానిని పొయ్యికి పెట్టిన పసుపే అనుకొంటిమి. రంగుల మేస్త్రి వంగి చూచి, “శుక్రవారం పసుపు పొయ్యి ముఖాన పెడతాం బాబూ. లోపల, కడ్డీ కింద ఎవరు పెడతారు?” అనెను. ఆ మాట మమ్ములను ఆలోచింపజేసెను. ఐ.టి.ఐ. ఉపాధ్యాయుడొకరికి చూపగా, అది పైన చెప్పిన క్రోమేటు కావచ్చునని, చీపురుతో ఊడ్వవద్దని హెచ్చరించెను.

ఈ విషయమును ప్రతి సంఘమువారు గుర్తుంచుకొనవలెను. స్టీలులోని క్రోమియమును, దానిపైనున్న ఆకుపచ్చని ఆక్సైడును ఒక తీరు. పసుపుపచ్చని క్రోమేటు వేరొక తీరు. దాని ధూళి ఏండ్ల తరబడి ఊపిరితో లోనికి పోయినచో ఊపిరితిత్తుల క్యాన్సరు కలుగునని నిర్ధారణయైనది. చర్మమునకు తగిలినచో పుండ్లు పడును. రంగుల పనిలో బైక్రోమేటును మానుకొనుటకు కారణము కూడ ఇదియే. మా పొయ్యి బూడిదను ఊడ్చునది ఒక సభ్యుని భార్య. ఆ బూడిదతోనే ఆమె గిన్నెలు తోమెడిది, మిగిలినది పెరటిలోని ఆనపపాదుకు పోసెడిది. ఇది తెలిసిననాడు మాకు కలిగిన బాధ పండ్రెండు చీరెల పడుగు చెడిననాడు కూడ కలుగలేదు.

కనుక క్రోమియపు ఉక్కు వాడిన పొయ్యిని ఈ విధముగా శుభ్రము చేయవలెను. పొయ్యి పూర్తిగా చల్లారిన తరువాత కొద్దిగా నీరు చిలకరించి ధూళి లేవకుండ చేయవలెను. ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు ఉండవలెను. చీపురుతో ఊడ్వక పారతో ఎత్తి మూతగల డబ్బాలో వేయవలెను. పసుపు పూత గల కడ్డీలను ఎండుగా గీకరాదు, సానపట్టరాదు. ఆ బూడిదతో గిన్నెలు తోమరాదు, పాదులకు వేయరాదు, కడిగిన నీటిని బావి దగ్గర పారబోయరాదు. పిల్లలను ఆ పనికి పంపరాదు.

ఏది ఎక్కడ వాడవలెను

ఇంత విచారించిన పిమ్మట మేము చేసిన ఏర్పాటు చెప్పెదము.

నిప్పు క్రింది కడ్డీలకు తిరిగి లావైన పోత ఇనుమునే వేసితిమి. గాలి బాగుగా ఆడుచున్నంతకాలము అవి చాలును. చెడినచో ఒక్కొక్కటిగా చవుకగా మార్చవచ్చును. ప్రతి కడ్డీకి కొసలయందు వ్రేలు పట్టునంత సందు విడిచితిమి. బూడిదగుంటను ప్రతిదినము ఎత్తుట నియమము చేసి, గోడపై పలక పెట్టి సంతకము తీసికొనుచున్నాము.

కాగులకు మాత్రము మంచి స్టెయిన్‌లెస్ స్టీలు తప్పదు. కాగులో నీరున్నంతవరకు దాని అడుగు నూరు డిగ్రీలకు కొంచెము మించి యుండునేగాని ఎర్రబడదు. పైన చెప్పిన పొలుసు బాధ అచ్చట లేదు. రంగు నీటిలోని ఆమ్లమునకు, ఉప్పునకు తట్టుకొనుటయే అచ్చట ముఖ్యము. అందుకు 304 గాని, ఉప్పు ఎక్కువగా వాడుచోట మాలిబ్డినము కలిసిన 316 గాని తగును. నీరు లేక కాగును మంటపై విడుచుట మాత్రము కూడదు.

మంట కొస తగులు అడ్డుపలక ఒక్కటే మాకు వేడి తట్టుకొను క్రోమియపు ఉక్కుతో అవసరమైనది. దానికి 310 రకపు చిన్న పలక వేసితిమి. ఉక్కు ఎంత వేడెక్కినదో తెలియుటకు సాయంకాలము చీకటిలో దాని రంగు చూడవలెను. మసక ఎరుపు 600 దాటినదనుటకు గుర్తు. పండిన చెర్రీ ఎరుపు 750 ప్రాంతము. నారింజ వన్నె 900 దాటినదనుటకు గుర్తు. రంగు పోల్చుట మనకు ఎవరును నేర్పవలసిన విద్య కాదు గదా. నారింజ వన్నె కనబడినచో మంట తగ్గించవలెను.

మరియొక హెచ్చరిక. పొయ్యిలో కాలిన స్టీలు కడ్డీని పారవేయుట ఎందుకని, కోసి రంగు కాగులో లడీలు వ్రేలాడదీయుటకు వాడరాదు. 304 వంటి ఉక్కు 450 నుండి 850 డిగ్రీల నడుమ చాలసేపు ఉన్నచో లోపలి క్రోమియము కర్బనముతో చేరి, రేణువుల అంచులవద్ద కొరత ఏర్పడును. ఆమ్లపు నీటిలో ఆ అంచులవెంట తుప్పు పట్టును. తుప్పు మరక పడిన పట్టును ఏ సబ్బుతోను బాగుచేయలేము.

క్రొత్త వస్తువు కొనునపుడు ‘స్టెయిన్‌లెస్’ అను ఒక్క మాటతో తృప్తిపడక, అది ఏ రకము, ఎంత వేడికి, ఎట్టి పొగలో అని మూడు ప్రశ్నలు వేయవలెను. నేత విషయములో పట్టు అని చెప్పినంత మాత్రమున మనము కొనము. ఎన్ని పోగులు, ఏ ఊరిది, పురి ఎంత అని అడుగుదుము. ఉక్కు విషయములోను అట్లే అడుగవలెను.

ఈ ఏర్పాటు చేసిన తరువాత మా పొయ్యి కడ్డీలవలన ఒక్క లడీ కూడ చెడలేదు. ఆనపపాదును వేరొక చోట, క్రొత్త మట్టిలో వేసికొనిరి. షోలాపురము, సేలము, బెంగుళూరు మున్నగు ప్రాంతములలోని మన సంఘములవారు తమ రంగుల పొయ్యిలలో ఏయే లోహములు వాడుచున్నారో, అవి ఎంత కాలము నిలిచినవో వ్రాసి పంపినచో రాబోవు సంచికలలో ప్రకటింపవచ్చును. ఒక సంఘము పొందిన నష్టము తక్కిన సంఘములకు పాఠమైనచో ఆ డబ్బు పూర్తిగా వృథాయైనట్లు కాదు.